రెండో మానిటర్ వెలగడం లేదా? కొత్త బోర్డు కొనే ముందు ఇవి చూడండి

మా ఆపా కూతురికి ఈ మధ్య ఇంట్లో కూర్చుని చేసుకునే మెడికల్ కోడింగ్ ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి ట్రైనింగ్. కంపెనీ పెట్టిన షరతుల్లో ఒకటి, రెండు మానిటర్లు ఉండాలని. ఒకదాంట్లో పేషెంట్ చార్ట్ చదవాలి, ఇంకోదాంట్లో కోడ్లు ఎక్కించాలి. ఇంట్లో తమ్ముడి గేమ్స్ కోసం కొన్న డెస్క్‌టాప్ ఉంది, అందులో ఒక గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. బావగారు తెలిసినవాళ్ల దగ్గర ఒక పాత మానిటర్ తెచ్చారు. శుక్రవారం సాయంత్రం రెండూ తగిలించారు. ఒకటి వెలిగింది. రెండోది "నో సిగ్నల్" అని చూపించి నల్లబడింది.

శనివారం క్యాబినెట్‌ని ఆటోలో పెట్టుకుని షాపుకి వెళ్లారు. అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు అటూ ఇటూ కేబుల్ మార్చి చూసి, "బోర్డు మీద పోర్టు పోయింది భాయ్, బోర్డు మార్చాల్సిందే" అన్నాడట. ఏడు వేలు చెప్పాడు. అడ్వాన్స్ ఇవ్వబోతూ ఎందుకో ఆగి నాకు ఫోన్ చేశారు బావగారు. కేబుళ్లు ఎక్కడెక్కడ పెట్టారని అడిగాను. ఒకటి గ్రాఫిక్స్ కార్డుకి, ఇంకోటి పైన బోర్డుకి అన్నారు. "డబ్బులు ఇవ్వకండి, ఇంటికి తెచ్చేయండి. రేపు పొద్దున నేనొస్తాను" అన్నాను.

ఆదివారం వెళ్లి బయాస్‌లో ఒక్క లైను మార్చాను. రెండో మానిటర్ వెలిగింది. ఖర్చు ఏమీ లేదు. ఇది నా గొప్ప అని చెప్పడం లేదు. ఇదే సమస్యతో చాలా ఇళ్లలో బోర్డులు, కార్డులు అనవసరంగా మారుతున్నాయి. అందుకే అసలు సంగతి ఏంటో కాస్త వివరంగా రాస్తున్నాను.

దావత్ రోజు ఇంట్లో పొయ్యి

కంప్యూటర్‌లో మానిటర్ మీదికి బొమ్మ రెండు చోట్ల నుంచి రావచ్చు. మొదటిది ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న గ్రాఫిక్స్. దీన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు. దీనికి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే కొంత తీసుకుని వాడుకుంటుంది. దీని బొమ్మ మదర్‌బోర్డు మీదున్న పోర్టుల నుంచి బయటికి వస్తుంది. రెండోది విడిగా స్లాట్‌లో గుచ్చే గ్రాఫిక్స్ కార్డు. దీనికి సొంత చిప్, సొంత మెమరీ, సొంత పోర్టులు ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మన ఇళ్లలో పెద్ద దావత్ ఉన్న రోజు బయట బట్టీ పెట్టి వంటవాళ్లు దేగ్‌లు ఎక్కిస్తే, ఇంట్లో వంటగది పొయ్యి ఆర్పేస్తాం కదా. పొయ్యి పాడైందని కాదు, ఇవాళ దాని పని లేదని. చాలా మదర్‌బోర్డులు కూడా సరిగ్గా ఇదే చేస్తాయి. కార్డు గుచ్చి ఉందని గమనించగానే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ని తమంతట తామే ఆపేస్తాయి. దాంతో బోర్డు మీది హెచ్‌డీఎంఐ, వీజీఏ పోర్టులు చచ్చినట్టు ఉంటాయి. చూసేవాడికి పోర్టు పోయిందనిపిస్తుంది. పొయ్యి బాగానే ఉంది, మళ్లీ వెలిగించమని మనం చెప్పాలి అంతే.

ముందు వెనక్కి తిప్పి చూడండి

క్యాబినెట్ వెనక వైపు చూస్తే పై భాగంలో యూఎస్‌బీ, నెట్ కేబుల్, స్పీకర్ పిన్నులు ఒకే గుంపుగా ఉంటాయి. ఆ గుంపులో ఉన్న వీడియో పోర్టులన్నీ మదర్‌బోర్డువి. దానికి కింద, విడిగా అడ్డంగా ఉన్న పట్టీలో పోర్టులు ఉంటే అది గ్రాఫిక్స్ కార్డు. కొన్ని కంపెనీ పీసీల్లో కార్డుతో పాటు వచ్చినప్పుడు బోర్డు మీది వీడియో పోర్టుకి ప్లాస్టిక్ మూత పెట్టి ఉంటుంది. జనం పొరపాటున అందులో పెట్టకూడదని.

మీ కంప్యూటర్‌లో కార్డే లేకపోతే? అప్పుడు కార్డు కొనడానికి పరుగెత్తకండి. ఇది నేను చాలాసార్లు చూసిన డబ్బు దండగ. బోర్డు మీద వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉంటే ఆ రెంటికీ రెండు మానిటర్లు పెట్టుకోవచ్చు. ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్లే రెండు స్క్రీన్లు నడిపేవి. 2012లో వచ్చిన మూడో తరం నుంచి మూడు వరకు నడుపుతాయి, బోర్డు మీద అన్ని పోర్టులు ఉండాలి అంతే. ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్ లాంటి పీసీల్లో చాలావాటికి ఒక వీజీఏ, రెండు డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి. ఎక్సెల్, బ్రౌజర్, జూమ్, టైపింగ్ పనికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

కార్డు ఉంటే మాత్రం మొదటి ప్రయత్నం రెండు మానిటర్లూ కార్డుకే పెట్టడం. ఎంత చిన్న కార్డయినా ఎక్కువ వాటికి రెండు, మూడు పోర్టులు ఉంటాయి, రెండు స్క్రీన్లు ఒకేసారి నడుపుతుంది. బయాస్ జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు. ఒక కార్డు, ఒక డ్రైవర్, తలనొప్పి తక్కువ. ఒకటి కార్డుకి, ఒకటి బోర్డుకి అనే పద్ధతి ఎప్పుడు అవసరమంటే కార్డు మీద పోర్టులు చాలనప్పుడు, లేదా మన పాత మానిటర్‌కి సరిపోయే పోర్టు కార్డు మీద లేనప్పుడు. మా మేనకోడలి విషయంలో జరిగింది ఈ రెండోదే. కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. దాని మీద హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు, డీవీఐ ఉన్నాయి, వీజీఏ లేదు. తెచ్చిన పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది. కాబట్టి వీజీఏ ఉన్న బోర్డుకి పెట్టారు. వాళ్లు చేసింది తప్పు కాదు, సగం పని అంతే.

ప్రాసెసర్ పేరు చివర ఏముంది?

బయాస్ తెరిచే ముందు ఒకటి తేల్చుకోవాలి. మీ ప్రాసెసర్‌లో అసలు గ్రాఫిక్స్ ఉందా? లేని పొయ్యిని ఎవరూ వెలిగించలేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత సీపీయూ చూడండి. కుడి వైపు పైన ప్రాసెసర్ పూర్తి పేరు ఉంటుంది.

ఇంటెల్ అయితే నంబరు చివర ఎఫ్ అక్షరం ఉందా అని చూడాలి. ఐ3 10100ఎఫ్, ఐ5 12400ఎఫ్, ఇలాంటివాటిలో గ్రాఫిక్స్ ఉండదు. అందుకే అవి కాస్త చవక. ఎఫ్ లేని 10100, 12400లో ఉంటుంది. ఏఎండీ రైజెన్‌లో లెక్క కొంచెం తిరగేసి ఉంటుంది. 5000 సిరీస్ వరకు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చివర జీ ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 3200జీ, 5600జీలో ఉంది, ఉత్త 5600లో లేదు. 7000 సిరీస్ నుంచి మామూలు వాటిలో కూడా చిన్న గ్రాఫిక్స్ పెట్టారు, 7500ఎఫ్ లాంటి ఎఫ్ రకాల్లో తప్ప.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ ఒక్క అక్షరం అడగకుండా కొంటున్నారు. బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తుంది కాబట్టి పనిచేస్తుందనుకుంటారు. పోర్టు బోర్డుది, బొమ్మ ప్రాసెసర్‌ది. ఎఫ్ ప్రాసెసర్ ఉంటే ఆ పోర్టు ఉత్త అలంకారం. అలాంటప్పుడు రెండు మానిటర్లూ కార్డుకే పెట్టాలి, వేరే దారి లేదు.

బయాస్‌లో ఆ ఒక్క లైను

గ్రాఫిక్స్ ఉందని తేలాక కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తూ డిలీట్ బటన్ కొడుతూ ఉండండి. విడి బోర్డుల్లో ఎక్కువ వాటికి ఇదే. డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవో థింక్‌సెంటర్‌కి ఎఫ్1. ఈ పని చేసేటప్పుడు కార్డుకి పెట్టిన మానిటర్‌నే చూడాలి, ఎందుకంటే రెండోది ఇంకా వెలగదు.

ఇక్కడ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, అదే బాధ. ఏసస్ ఇంటెల్ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ మెనూ, సిస్టమ్ ఏజెంట్ కాన్ఫిగరేషన్, గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ అంటూ లోపలికి వెళితే "ఐజీపీయూ మల్టీ మానిటర్" అని ఉంటుంది. ఎంఎస్‌ఐలో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కాన్ఫిగరేషన్ కింద "ఐజీడీ మల్టీ మానిటర్". గిగాబైట్‌లో "ఇంటర్నల్ గ్రాఫిక్స్" ఆటోలో ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో "ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్" అన్న పేరుతో వెతకండి. ఎక్కడైనా సరే, డిజేబుల్డ్ లేదా ఆటో అని ఉన్నదాన్ని ఎనేబుల్డ్ చేయాలి. ఎఫ్10 కొట్టి సేవ్ చేసి బయటికి రావాలి. పేర్లు తేడాగా ఉన్నా "మల్టీ మానిటర్" లేదా "ఇంటర్నల్, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్" అనే మాటలు పట్టుకుంటే దొరుకుతుంది.

అదే పేజీలో "ప్రైమరీ డిస్‌ప్లే" అని ఇంకో లైను ఉంటుంది. దాన్ని పెగ్ లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని, అంటే కార్డు మీదే ఉంచండి. తెలియక దాన్ని ఐజీడీకి మారిస్తే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు కార్డు మీది స్క్రీన్ నల్లగా ఉండి కంగారు పుట్టిస్తుంది. అలా జరిగితే భయపడకండి. బోర్డు పోర్టుకి పెట్టిన మానిటర్‌లో బయాస్ కనిపిస్తుంది, అక్కడి నుంచి తిరిగి మార్చుకోవచ్చు. అదీ కుదరకపోతే కరెంటు ప్లగ్ తీసేసి, బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే చాలా బోర్డుల్లో బయాస్ మొదటి స్థితికి వచ్చేస్తుంది.

విండోస్ వచ్చాక రెండు గ్రాఫిక్స్‌కీ వాటి వాటి డ్రైవర్లు ఉండాలి. కార్డుకి ఎన్‌విడియా డ్రైవర్ వేసి, ఇంటెల్ గ్రాఫిక్స్‌ది వెయ్యకుండా వదిలేస్తే రెండో స్క్రీన్ రాకపోవచ్చు, వచ్చినా రిజల్యూషన్ మసకగా రావచ్చు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లు కనిపించాలి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉందంటే డ్రైవర్ పడలేదని అర్థం. బోర్డు కంపెనీ సైట్‌లోనో ఇంటెల్, ఏఎండీ సైట్లలోనో డ్రైవర్ ఉచితంగా దొరుకుతుంది. డ్రైవర్ అప్‌డేటర్ అని డబ్బులడిగే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

కేబుళ్ల దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది

బోర్డు, కార్డు కంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. వంద, రెండొందలే కదా అని నాలుగు రకాలు కొని డ్రాయర్‌లో పడేస్తాం.

అన్నిటికంటే ఎక్కువగా అమ్మేది హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. ఒక పోర్టుని రెండు చేస్తుందని చెబుతారు. నిజమే, కానీ రెండు స్క్రీన్లలో ఒకే బొమ్మ వస్తుంది. టీవీ షాపులో వరుసగా టీవీలన్నింట్లో ఒకే క్రికెట్ మ్యాచ్ ఆడుతుంది చూడండి, అలా. ఒకదాంట్లో చార్ట్, ఇంకోదాంట్లో కోడ్లు కావాలంటే స్ప్లిటర్ పనికిరాదు. షాపులో స్ప్లిటర్ చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి.

తర్వాతది వీజీఏ. వీజీఏ అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్. మధ్యలో ఉత్త తీగ పెడితే కుదరదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది కూడా ఒక వైపే పనిచేస్తుంది. కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ వచ్చి మానిటర్‌కి వీజీఏ వెళ్లాలంటే "హెచ్‌డీఎంఐ టు వీజీఏ" కన్వర్టర్ అడగాలి. "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అడిగితే వేరే వస్తువు ఇస్తారు, చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ పనిచేయదు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కూడా అంతే. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్‌లో డిస్‌ప్లేపోర్ట్ కొస కంప్యూటర్ వైపు ఉండాలి. తిప్పి పెడితే బొమ్మ రాదు.

డీవీఐలో ఇంకో గూడుపుఠాణీ ఉంది. పాత కార్డుల డీవీఐకి చిన్న తెల్ల పిన్ను తగిలిస్తే వీజీఏ అయ్యేది, ఎందుకంటే ఆ డీవీఐ-ఐ పోర్టులో అనలాగ్ కాళ్లు కూడా ఉండేవి. జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్‌విడియా అనలాగ్ తీసేసింది. ఇప్పుడున్నది డీవీఐ-డీ. ఆ చిన్న పిన్ను దానిలోకి దూరదు కూడా. బలవంతంగా తోసి పోర్టు పాడు చేసినవాళ్లని చూశాను.

ఇంకొకటి, కొత్త 4కే మానిటర్ కొని పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి పెడితే సెకనుకి 30 సార్లే బొమ్మ మారుతుంది. మౌస్ తడబడుతున్నట్టు ఉంటుంది, కళ్లు లాగుతాయి. 60 రావాలంటే రెండు వైపులా హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్లకు ఈ బెంగ లేదు.

ఏ స్క్రీన్‌కి ఏ పని

ఒకటి కార్డు మీద, ఒకటి బోర్డు మీద ఉన్నప్పుడు రెండూ సమానం కావు. పెద్దది, మంచిది కార్డుకి పెట్టండి. గేమ్స్, వీడియో ఎడిటింగ్ అక్కడ చేయాలి. చదవడానికి, వాట్సాప్ వెబ్, జూమ్ క్లాస్, పీడీఎఫ్ లాంటివి బోర్డు మీదున్న స్క్రీన్‌లో పెట్టుకోవచ్చు. గేమ్‌ని ఆ బోర్డు స్క్రీన్ మీదికి లాగితే బొమ్మ కార్డు దగ్గర తయారై, అక్కడి నుంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి కాపీ అయి బయటికి రావాలి. కాస్త మందగిస్తుంది.

ఏ ప్రోగ్రామ్ ఏ గ్రాఫిక్స్ వాడాలో మనమే చెప్పొచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ లోకి వెళితే ప్రోగ్రామ్‌ని ఎంచుకుని పవర్ సేవింగ్ లేదా హై పెర్ఫార్మెన్స్ అని పెట్టొచ్చు. ర్యామ్ సంగతి కూడా మరిచిపోవద్దు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మన ర్యామ్‌లోంచే తింటుంది కాబట్టి 4 జీబీ ఉన్న కంప్యూటర్‌లో ఊపిరాడదు. 8 ఉంటే మామూలు పనికి ఇబ్బంది లేదు.

డీటీపీ పని చేసేవాళ్లకి ఒక మాట. షాదీ రుఖాలు, పోస్టర్లు చేసే షాపుల్లో ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు అనూ ఫాంట్లతో కొడతారు. ఒక స్క్రీన్‌లో రాతప్రతి స్కాన్, ఇంకోదాంట్లో పేజీ పెట్టుకుంటే మెడ తిప్పుకుంటూ చేసే పని సగం తగ్గుతుంది. కానీ రెండు మానిటర్ల సైజులు వేరైతే విండోస్ ఒకదానికి 100 శాతం, ఇంకోదానికి 125 లేదా 150 శాతం స్కేల్ పెడుతుంది. పాత సాఫ్ట్‌వేర్లు దాన్ని తట్టుకోలేవు, అక్షరాలు మసకబారతాయి. నస్తలీఖ్‌లో నుఖ్తాలు సరిచూసేవాడికి ఇది పెద్ద ఇబ్బంది. రెండింటికీ ఒకే స్కేల్ పెట్టి చూడండి. లేదంటే ఆ ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద హై డీపీఐ సెట్టింగ్స్ మార్చి చూడండి.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి బయాస్ గొడవ దాదాపు ఉండదు. అందులో రెండు గ్రాఫిక్స్ ఉన్నా కలిసి పనిచేసేలా కంపెనీ వాళ్లే కట్టి ఇస్తారు. హెచ్‌డీఎంఐకి మానిటర్ పెడితే వస్తుంది. టైప్ సీ పోర్టుకి పెట్టాలంటే మాత్రం ఆ పోర్టు డిస్‌ప్లే సిగ్నల్ ఇచ్చే రకమో కాదో మోడల్ వివరాల్లో చూసుకోవాలి, టైప్ సీ ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు.

కరెంటు గురించి ఒక్కటి. ఎర్త్ సరిగా లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. అలాంటి చోట కంప్యూటర్, మానిటర్ నడుస్తుండగా కేబుళ్లు పీకడం, పెట్టడం చేస్తే పోర్టు నిజంగానే పోయే ప్రమాదం ఉంది. అన్నీ స్విచ్ ఆఫ్ చేసి, రెండు మానిటర్లనీ, కంప్యూటర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి, అప్పుడు తగిలించండి.

మా మేనకోడలు సోమవారం తొమ్మిదింటికి లాగిన్ అయింది. తొమ్మిదిన్నరకి ఫోన్. "మామూ, రెండు స్క్రీన్లలోనూ ఒకటే కనిపిస్తోంది." విండోస్ బటన్, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోమన్నాను. పది నిమిషాలకి మళ్లీ ఫోన్. "ఎడమ వైపున్న స్క్రీన్‌లోకి వెళ్లాలంటే మౌస్‌ని కుడికి తొయ్యాల్సి వస్తోంది మామూ, పిచ్చెక్కుతోంది." సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరిస్తే 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ నంబరు ఏ స్క్రీనో తెలుస్తుంది. టేబుల్ మీద ఎలా ఉన్నాయో అలాగే ఆ డబ్బాలని మౌస్‌తో పట్టి అటు జరిపి, అప్లై నొక్కమన్నాను. తర్వాత ఫోన్ రాలేదు. సాయంత్రం తమ్ముడు మాత్రం చేశాడు, కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందని.